తన దోషమునకు తానే గురువైన బెన్ హోగన్

విద్య నేర్చుకొనుట కష్టము. తప్పుగ నేర్చుకొన్నదానిని విడిచిపెట్టుట అంతకంటె కష్టము. చేవ్రాత నేర్పు ఉపాధ్యాయునకు ఈ సంగతి చక్కగ తెలియును. అక్షరము నెరుగని బాలునకు వ్రాత నేర్పుట కొలది మాసముల పని. బలపమును వంకరగ పట్టుకొనుటకు అలవాటుపడినవాని పట్టు మార్చుట ఏండ్ల పని. తప్పు తెలిసినను వాని చేయి మాట వినదు. ఉపాధ్యాయుడు చూచినంతసేపు సరిగ వ్రాయును. ఆయన చూపు మరలగనే మరల ఆ వంకర పట్టే పట్టును. మొక్కై వంగనిది మానై వంగునా అను సామెత ఇట్టి అనుభవము నుండియే పుట్టియుండును.

ఈ సామెతకు ఎదురు నిలిచిన జీవితములు లేకపోలేదు. అమెరికా దేశపు గోల్ఫ్ క్రీడాకారుడు బెన్ హోగన్ జీవితము అట్టిది. ఇరువదవ శతాబ్దమున ఆ ఆటయందు అగ్రగణ్యులుగ లెక్కింపబడు కొలదిమందిలో అతడొకడు. కాని పుట్టుకతో వచ్చిన నేర్పు అతనిని గొప్పవానిని చేయలేదు. అతని విసురులో ఒక దోషముండెను. అది అతనిని పదునైదేండ్లు వెంటాడెను. పలుమార్లు రిక్తహస్తములతో ఇంటికి తరిమెను. చేతనున్న కడపటి డాలర్లు లెక్కపెట్టుకొను స్థితికి భార్యాభర్తలను తెచ్చెను. ఆ దోషమును అతడు కనిపెట్టిన తీరును, కుదుర్చుకొన్న తీరును గోల్ఫ్ ఆట నెరుగనివారు సైతము తెలిసికొనదగినవి. బోధించువారికిని, నేర్చుకొనువారికిని అవి మరింత ముఖ్యములు.

ఆటలోని చిక్కు

గోల్ఫ్ స్కాట్లండు దేశమున పెంపొందిన ఆట. ఆంగ్లేయులతో అది మన దేశమునకును వచ్చెను. కలకత్తాలోని గోల్ఫ్ క్లబ్బు 1829లో ఏర్పడినది. విశాలమైన పచ్చిక మైదానమున పదునెనిమిది గుంటలుండును. చిన్న గట్టి బంతిని కర్రతో కొట్టుచు వరుసగ ఆ గుంటలన్నిటిలో పడవేయవలెను. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే గెలుపు.

మన పిల్లలాడు బిళ్ళంగోడులో గాలిలోనికెగిరిన బిళ్ళను కొట్టవలెను. గోల్ఫ్‌లో బంతి కదలక నేలమీద నిలిచియుండును. కావున ఇది సులభమని చూచువారికి తోచును. కాని బంతి పోవలసిన దూరము తలచుకొన్నచో కష్టము తెలియును. 250 గజముల దూరమునకు కొట్టిన బంతి బయలుదేరునపుడు ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగినచో, చివరకు నాలుగు గజములకు పైగ ప్రక్కకు పోవును. అది తిన్నగ పోయినచో మాట. గోల్ఫ్ బంతి గాలిలో వంకర కూడ తిరుగును. ఆ వంకరలోనే ఈ విద్యయొక్క రహస్యమంతయు నున్నది.

బంతి నుండి గమ్యమునకు నేలమీద ఒక సరళరేఖ గీచినట్లు భావింపుడు. ఆటగాడు ఆ రేఖకు ప్రక్కగ నిలిచి కర్రను వెనుకకెత్తి విసరును. కర్రతల బంతిని తాకు సమయమున ఆ రేఖ వెంబడియే సాగవచ్చును. లేదా రేఖకు ఆవలనుండి తనవైపునకు కోసికొని రావచ్చును. లేదా తనవైపు నుండి రేఖకు ఆవలికి పోవచ్చును. ఇది విసురు బాట. ఇక రెండవది కర్ర మొగము. తాకు క్షణమున ఆ మొగము ఎటు చూచుచున్నదన్న ప్రశ్న బాట ప్రశ్నకంటె వేరు. బాట యొక్క దిక్కును మొగము యొక్క దిక్కును ఏకమైనచో బంతి వంకర తిరుగదు. అవి వేరైనచో బంతికి ప్రక్కభ్రమణము కలుగును. కుడిచేతివాటము ఆటగాని బంతి కుడివైపునకు మలుపు తిరిగినచో దానిని స్లైస్ అందురు. ఎడమవైపునకు తిరిగినచో హుక్ అందురు.

బంతి మొదట విసురు బాటనే అనుసరించి బయలుదేరునని పూర్వపు శిక్షకులు చాలమంది తలచిరి. ఇటీవలి రాడారు పరికరములు బంతి గమనమును కొలిచి, ఆ తలంపును సవరించినవి. బంతి బయలుదేరు దిక్కును అధికభాగము కర్ర మొగమే నిర్ణయించును. మొగమునకును బాటకును గల భేదము దాని వంకరను నిర్ణయించును. హోగన్ కాలమున ఇట్టి పరికరములు లేవు. అతనికున్న పరికరములు రెండే: ఎగిరిపోవు బంతి, దానిని విడువక చూచు కన్ను.

కమ్మరి కొడుకు

బెన్ హోగన్ 1912వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన టెక్సాస్ రాష్ట్రములోని స్టీఫెన్‌విల్ పట్టణమున జన్మించెను. అతని బాల్యము సమీపమున నున్న డబ్లిన్ అను చిన్న ఊరిలో గడచెను. తండ్రి చెస్టర్ కమ్మరి. మోటారు బండ్లు వచ్చి గుర్రములకు నాడాలు కొట్టువారి వృత్తి క్షీణించుచున్న కాలమది. 1922 ఫిబ్రవరిలో, ఫోర్టువర్తు నగరములో తండ్రి పిస్తోలుతో కాల్చుకొని మరణించెను. అప్పటికి బెన్‌కు పదేండ్లయినను నిండలేదు. తల్లి క్లారా బట్టలు కుట్టి ముగ్గురు బిడ్డలను పోషింపవలసివచ్చెను. బాలుడు రైలు స్టేషనులో వార్తాపత్రికలు అమ్మెను.

పదునొకండవ యేట అతడు ఊరి వెలుపలనున్న గ్లెన్ గార్డెన్ క్లబ్బులో క్యాడీగ చేరెను. ఆటగాని కర్రల సంచి మోసికొని వెంట నడచు పిల్లవానిని క్యాడీ యందురు. అచ్చటనే బైరన్ నెల్సన్ అను మరియొక బాలుడు క్యాడీగ నుండెను. ఇరువురును 1912లోనే పుట్టినవారు. ఇరువురును తరువాత లోకప్రసిద్ధులైరి. 1927 క్రిస్మసు సమయమున క్యాడీలకు జరిగిన పోటీలో నెల్సన్ ఒక్క దెబ్బ తేడాతో హోగన్‌ను ఓడించెను. నెల్సన్ పొడగరి, అతని విసురు చూడముచ్చటగ నుండెను. హోగన్ పొట్టివాడు, బక్కపలచనివాడు. పెద్దవారితో సమానముగ బంతిని దూరము కొట్టవలెనన్న పట్టుదల మాత్రము అతనికి మెండుగ నుండెను.

దోషమునకు బీజము ఈ పట్టుదలలోనే యుండెను. చిన్న శరీరమునుండి పెద్ద దూరము రాబట్టుటకై అతడు కర్రను మిక్కిలి వెనుకకు, దాదాపు వీపు దాటునంతగ ఎత్తుచుండెను. ఎడమచేతిని కర్రమీద బాగుగ కుడివైపునకు త్రిప్పి పట్టుచుండెను. ఇట్టి పట్టుతో మణికట్లు వేగముగ తిరిగినపుడు కర్ర మొగము అవసరమునకు మించి ఎడమవైపునకు మూసికొనును. బంతి తక్కువ ఎత్తున దూసికొనిపోయి ఎడమకు మరలి, నేలబడిన పిమ్మట కూడ చాలదూరము దొర్లును. సరిపడినపుడు దూరము ఆశ్చర్యము గొల్పును. వికటించినపుడు బంతి చెట్లలోనో నీటిలోనో పడును. గుణమును దోషమును ఒకే వేరునుండి మొలచినందున, దోషమును పెరికివేయబోయినచో గుణము కూడ ఊడివచ్చునేమో యన్న భయము. హోగన్ అనుభవించిన చిక్కు ఇది.

పదేండ్ల వనవాసము

ఉన్నత పాఠశాల చదువు ముగియకమునుపే అతడు దానిని విడిచి, 1930లో, పదునేడవ యేట, వృత్తి ఆటగాడయ్యెను. అమెరికాలో ఆర్థికమాంద్యము ప్రబలిన దినములవి. ఊరూరు తిరిగి పోటీలాడి బహుమతి సొమ్ముతో జీవింపవలెను; బహుమతి రానిచో ప్రయాణపు ఖర్చు కూడ మిగులదు. హోగన్ బయలుదేరును, సొమ్ము కరిగిపోవును, ఇంటికి మరలి ఏదో చిల్లర పని చేసికొని కొంత కూడబెట్టి మరల బయలుదేరును. 1935లో వాలరీ ఫాక్స్ అను యువతిని వివాహమాడెను. ఆమెయు ఈ సంచారములో పాలుపంచుకొనెను.

1938 జనవరిలో కాలిఫోర్నియాలోని ఓక్లండు పోటీకి వచ్చునప్పటికి దంపతులయొద్ద మిగిలిన సొమ్ము అత్యల్పము. ఒకనాటి ఉదయము అతడు తన కారు వద్దకు పోయి చూడగా దాని చక్రములను దొంగలు ఊడదీసికొని పోయియుండిరి. ఇతరుల సాయమున మైదానము చేరి ఆడి, ఆ పోటీలో బహుమతి సొమ్ము కొంత సంపాదించెను. అది గెలుపు కాదు. కాని ఆ సొమ్మే రానిచో ఆనాడే అతడు ఈ వృత్తి విడిచి ఇంటికి పోయియుండెడివాడు.

ఈ దినములలో అతనికి తోడ్పడినవాడు హెన్రీ పికార్డు అను పెద్ద ఆటగాడు. అవసరమైనచో ధనసహాయము చేయుదునని ధైర్యము చెప్పుటయే కాక, ఎడమచేతి పట్టును ఎడమవైపునకు మార్చుకొనుమని సలహా యొసగెను. హోగన్ 1948లో ప్రచురించిన తన మొదటి గ్రంథమును అతనికే అంకితము చేసెను. పట్టు మారిన పిమ్మట ఫలితము కనబడసాగెను. 1940 మార్చిలో ఉత్తర కెరొలైనాలోని పైన్‌హర్స్టు పోటీలో హోగన్ ఒంటరిగ తన తొలి విజయమును పొందెను. వెంటనే గ్రీన్స్‌బరో, ఆష్‌విల్ పోటీలు కూడ అతనివే యయ్యెను. వృత్తిలో ప్రవేశించిన పది సంవత్సరములకు గాని ఈ ముహూర్తము రాలేదు. ఆ యేడును, తరువాతి రెండేండ్లును బహుమతి సొమ్ము సంపాదించుటలో అమెరికాలో అతడే ప్రథముడు.

ఐనను దోషము చావలేదు, నిద్రించినదంతే. యుద్ధకాలమున 1943 మొదలు 1945 వరకు అతడు సైనిక విమానదళమున పనిచేసెను. మరల ఆటకు వచ్చినపుడు ఒత్తిడి హెచ్చిన క్షణములలో పాత హుక్ తల యెత్తుచుండెను. సామాన్యమైన మందులు కొన్ని అతనికి తెలియును. అవి వంకరను తగ్గించును గాని దూరమును కూడ తగ్గించును. అట్టి బేరము అతనికి సమ్మతము కాలేదు.

మూలము చిక్కిన విధము

1946లో హోగన్ కొంతకాలము పోటీలు మాని ఇంటికి మరలెను. తన విసురులోని ఒక్కొక్క అంగమును మనసులో పరీక్షించుకొని, తరువాత మైదానమున పరీక్షించెను. చివరకు అతడు స్థిరపరచుకొన్న మార్పులు పైకి చూచుటకు చాల చిన్నవి. ఎడమచేతి బొటనవ్రేలిని ముందువలె చాచక కొంచెము వెనుకకు లాగి, పట్టును మరికొంత ఎడమకు జరిపెను. కర్రను వెనుకకెత్తునపుడు ఎడమ మణికట్టు వెలుపలికి కొద్దిగ గుంట పడునట్లు వంచెను. దీనివలన పై స్థానమున కర్ర మొగము బాగుగ తెరచుకొనియుండును. అక్కడనుండి ఎంత బలముగ కొట్టినను బంతిని తాకు సమయమునకు అది అతిగా మూసికొనుటకు వ్యవధి చాలదు. ఎడమకు మరలు బంతి ఇప్పుడు తిన్నగ పోయి, చివర కొంచెము కుడివైపునకు మెత్తగ వాలసాగెను. దూరము తగ్గలేదు.

ఇందులో గ్రహింపవలసినది ఒకటి కలదు. హుక్ కొట్టువాడు సాధారణముగ ఏమి చేయును? గమ్యమునకు కుడివైపున గురిచూచును. బంతి ఎట్లును ఎడమకు వచ్చును గదా యని లెక్క. ఇది లెక్క తప్పిన విద్యార్థి జవాబును చూచి మధ్యపంక్తులు దిద్దుకొన్నట్టిది. నాటికి గడచును; దోషము మాత్రము వేళ్లూనును. హోగన్ జవాబును దిద్దలేదు. లెక్క తప్పిన పంక్తి ఏదో వెదకి దానిని దిద్దెను.

1946లోనే అతడు ఆ దేశపు వృత్తి ఆటగాండ్ర మహాపోటీని గెలిచెను. ప్రధానములుగ ఎన్నబడు నాలుగు పోటీలలో ఇది అతని మొదటి విజయము. ఆ ఒక్క యేట పదుమూడు పోటీలు అతని వశమయ్యెను. 1948లో అమెరికా ఓపెన్ పోటీని 276 దెబ్బలతో గెలిచి, అంతవరకున్న కొలతను చెరిపివేసెను.

సాధనా విధానము

కనుగొన్న మార్పు ఒక్కనాటిలో చేతికి అబ్బదు. హోగన్ సాధనకు ప్రసిద్ధుడగుట ఇందువలననే. ఆ కాలపు ఆటగాండ్రు పోటీకి ముందు కొన్ని బంతులు కొట్టి చేతులు వేడెక్కించుకొనెడివారు. హోగన్ ఉదయము ఆడిన పిమ్మట సాయంకాలము సాధన చేయును. బాగుగ ఆడిన దినమునను మానడు. ఊరక బంతులను బాదుట అతని పద్ధతి కాదు. ప్రతి దెబ్బకును ఒక గురి యుండును, ఒక ఉద్దేశముండును, దెబ్బ తరువాత బంతి పోయిన తీరును బట్టి ఒక తీర్పు ఉండును.

తన పద్ధతిని అతడు 1957లో ఐదు పాఠముల గ్రంథముగ వెలువరించెను. హర్బర్ట్ వారెన్ విండ్ దానిని వ్రాయుటలో సహకరించెను. ఆంథొని రావియెల్లి చిత్రములు గీసెను. మొదటి పాఠము పట్టు, రెండవది నిలుకడ, మూడవది కర్రను వెనుకకెత్తుట, నాలుగవది క్రిందికి దించుట, ఐదవది అన్నిటిని కూర్చి చూచుట. పాఠ్యక్రమము నెరిగిన ఉపాధ్యాయుడు వ్రాసినట్లు ఆ వరుస యున్నది. ఒక పాఠము చేతికి రానిదే రెండవదానికి పోరాదు. విసురు బాటను బోధించుటకు అతడొక చక్కని ఊహ కల్పించెను. బంతినుండి పైకి వాలుగ లేచి ఆటగాని భుజములమీద ఆనియున్న పెద్ద అద్దపు పలక యొకటి కలదనుకొనవలెను. అద్దమునకు బొక్క చేసి ఆటగాని తల మాత్రము పైకి వచ్చియుండును. చేతులు వెనుకకు పోవునపుడు ఆ పలక క్రిందనే, దానిని పగులగొట్టక, సాగవలెను. కంటికి కనబడని బాట ఈ ఊహవలన మనసునకు కనబడును.

చేతికి మరింత సమీపమైన అభ్యాసము కూడ ఆ గ్రంథమున కలదు. పైచేతులను రొమ్ము ప్రక్కలకు అదిమి పట్టుకొని, కర్రను నడుమెత్తువరకే వెనుకకును ముందుకును, శరీరపు మలుపుతోనే ఊపవలెను. చేతులు తమకు తామై విచ్చలవిడిగ పోకుండ ఇది అరికట్టును. సగము విసురు సరిపడిన పిమ్మటనే పూర్తి విసురు.

నేటి శిక్షకులు విసురు బాట దిద్దుటకై నేర్పు అభ్యాసములు కూడ ఈ జాతివే. కర్ర ఆవలినుండి కోసికొని వచ్చువానికి, బంతికి కొంచెము ఆవల, రేఖ వెలుపల, ఒక అట్టపెట్టె నుంచుదురు. బాట తప్పినచో కర్ర పెట్టెను తాకును. దీనికి విరుద్ధమైన దోషము కలవానికి, అనగా కర్రను మితిమీరి తనవైపునుండి ఆవలికి విసరువానికి, పెట్టెను బంతికి వెనుకగ, తనవైపున ఉంచుదురు. చంకలలో చిన్న గుడ్డ ఇరికించుకొని అది జారకుండ సగము విసురు విసరుట మరియొక అభ్యాసము. గమ్యరేఖ వెంబడి నేలమీద కర్రపుల్ల యొకటి పరచుకొనుట వేరొకటి. ఇవి చూచుటకు పిల్లచేష్టలవలె నుండును. వీని బలమెచ్చట నున్నదనగా, పెట్టె తాకిన చప్పుడు క్షణమాత్రమున తప్పును తెలుపును. గురువు ప్రక్కన లేకున్నను, విసురు బాట తప్పినదని శిష్యునకు తెలియును. ఇంకను, అవి పనిని ముక్కలు చేయును; వేగము తగ్గించును. పాత అలవాటు వేగములో దాగియుండును. మెల్లగ చేసినపుడే దాని దొంగతనము బయటపడును.

ఒకని మందు, వేరొకని విషము

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. హోగన్ గ్రంథము వెలువడిన నాటినుండి నేటివరకు లక్షలాది మందికి పాఠ్యగ్రంథమైనది. వారిలో కొందరు దానిని అక్షరాల అనుసరించి మునుపటికంటె చెడిపోయిరి. కారణము స్పష్టము. హోగన్ రోగము హుక్. ఆట కొత్తగ నేర్చువారిలో అధికసంఖ్యాకుల రోగము స్లైస్. కర్ర మొగము అతిగ మూసికొనువానికి, దానిని తెరచి యుంచు పట్టు అమృతము. మొగము ఇదివరకే తెరచియుండు వానికి అదే పట్టు విషము. తన దోషమును ఎరుగక గొప్పవాని మందును మ్రింగినవారు ఈ కష్టమునకు లోనైరి.

దీనివలన హోగన్ గొప్పతనము తగ్గదు. అది ఎచ్చట నున్నదో స్పష్టపడును. ఎడమ మణికట్టులోని చిన్న వంపును అతని రహస్యమని లోకము చాలకాలము వెదకెను. 1955లో ఒక ప్రముఖ వారపత్రికలో అతడే దానిని వెల్లడించెను. వెల్లడి యైనంత మాత్రమున లోకములోని ఆటగాండ్రందరును హోగన్‌లు కాలేదు. అతని అసలు విద్య ఆ వంపు కాదు. ఆ వంపు తనకే ఎందుకు కావలసివచ్చెనో తెలిసికొనిన విచారణ. నలుబదిమంది పిల్లలకు ఒకే దిద్దుబాటు చెప్పునట్టి బోధకు ఇది ఎదురుతట్టు.

మృత్యుముఖము

1949 ఫిబ్రవరి 2వ తేదీన హోగన్ దంపతులు కారులో ఇంటికి మరలుచుండగా, టెక్సాస్‌లోని వాన్ హార్న్ సమీపమున దట్టమైన మంచులో, వేరొక వాహనమును దాటబోయిన పెద్ద బస్సు ఎదురుగ వచ్చి ఢీకొనెను. ఆ క్షణమున హోగన్ భార్యకు అడ్డముగ పడి ఆమెను కాపాడెను. ఆ చర్యయే అతని ప్రాణమును కూడ కాపాడెను; కారు నడుపు ఇరుసు వెనుకకు దూసికొనివచ్చి అతడు కూర్చుండిన స్థానమును చీల్చివేసెను. కటియెముక విరిగెను, మెడయెముక, చీలమండ దెబ్బతినెను. తరువాత రక్తనాళములలో గడ్డలు ఏర్పడి ప్రాణముమీదికి వచ్చెను. న్యూ ఆర్లియన్స్ నుండి విమానముమీద వచ్చిన శస్త్రవైద్యుడు ఆల్టన్ ఆక్స్నర్, గడ్డలు గుండెకు చేరకుండ క్రిందిశరీరపు ప్రధాన సిరను ముడివేసెను. ప్రాణము దక్కెను. కాళ్లకు రక్తప్రసారము మాత్రము జీవితాంతము కుంటుపడెను. అతడు మరల ఆడుట అటుండ, మరల చక్కగ నడచుటయే సందేహమని చాలమంది తలచిరి.

హోగన్ మొదట గదిలో నడచెను. తరువాత ఇంటిచుట్టు నడచెను. తరువాత కర్ర పట్టెను. విసురును మరల మొదటినుండి కట్టుకొనవలసివచ్చెను. ఆటకు ముందు వేడినీటిలో చాలసేపు కాళ్లు నానబెట్టుకొని, సాగు పట్టీలు చుట్టుకొని మైదానమునకు పోయెడివాడు.

ప్రమాదము జరిగిన పదునారు మాసములకు, 1950 జూనులో, పెన్సిల్వేనియా రాష్ట్రములోని మెరియన్ మైదానమున అమెరికా ఓపెన్ పోటీ జరిగెను. కడపటి దినమున రెండు ఆవృత్తులు, అనగా ముప్పదియారు గుంటలు నడచి ఆడవలెను. చివరి గుంటలకు వచ్చునప్పటికి కాళ్లు అతని మాట వినుట మానెను. కడపటి గుంటవద్ద, అన్ని కర్రలలో కొట్టుటకు కష్టమైన ఒకటవ నంబరు ఇనుపకర్రతో దూరపు దెబ్బ కొట్టి, బంతిని గుంటచుట్టునున్న నున్నని పచ్చికమీదికి చేర్చెను. వెనుకనుండి హై పెస్కిన్ తీసిన ఛాయాచిత్రము ఆ దెబ్బను శాశ్వతము చేసెను. ముగ్గురు సమానముగ నిలిచిరి. మరునాటి ఆవృత్తిలో హోగన్ 69 దెబ్బలతో, లాయిడ్ మాంగ్రమ్ 73తో, జార్జి ఫాజియో 75తో ముగించిరి. ఆ ఇనుపకర్ర అపహరింపబడి, ఏండ్లు గడచిన పిమ్మట తిరిగి దొరకి, అమెరికా గోల్ఫ్ సంఘపు ప్రదర్శనశాలను చేరెను. దాని మొగముమీద చిన్న నాణెమంత అరుగుదల గుర్తు కలదు. వేలకొలది దెబ్బలు ఒకేచోట తాకినవని ఆ గుర్తే సాక్షి.

పరాకాష్ఠ, పిమ్మట

1953వ సంవత్సరము అతని జీవితమునకు శిఖరము. కాళ్ల బాధవలన ఆ యేడు ఆరు పోటీలలోనే ఆడి అయిదింట గెలిచెను. అందులో మాస్టర్సు, అమెరికా ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడును చేరినవి. బ్రిటిష్ ఓపెన్‌లో అతడు జీవితమున ఆడినది ఆ ఒక్కమారే. స్కాట్లండులోని కార్నూస్టీ మైదానమునకు ముందుగనే చేరి, అచ్చట వాడుకలోనున్న కొంచెము చిన్న బంతిని, గట్టినేలను అభ్యసించెను. నాలుగు ఆవృత్తులలో అతని దెబ్బలు వరుసగ 73, 71, 70, 68. దినదినమునకు మెరుగగు ఆ సంఖ్యలే అతని స్వభావమునకు చిత్రపటము. స్వదేశము చేరినపుడు న్యూయార్కు నగరము వీధులలో ఊరేగించి అతనిని గౌరవించెను.

ఆ యేడే ఫోర్టువర్తులో గోల్ఫ్ కర్రలు చేయు కర్మాగారమును స్థాపించెను. మొదట తయారైన కర్రలు తన కంటికి సరిగ లేవని, నష్టమును లెక్కింపక వానిని పారవేయించెను. 1955 అమెరికా ఓపెన్‌లో జాక్ ఫ్లెక్ అను అంతగా పేరులేని ఆటగాడు హోగన్‌తో సమానముగ నిలిచి, మరునాడు అతనిని ఓడించెను. ఫ్లెక్ చేతిలోనివి హోగన్ కర్మాగారపు కర్రలే.

ఈ మహాసాధకునకును జయింపరానిది ఒకటి మిగిలెను. గుంటకు చేరువనున్న బంతిని మెల్లగ దొర్లించు దెబ్బయందు, వయసు మీరినకొలది అతని చేతులు బిగుసుకొనిపోసాగెను. దూరపు దెబ్బలలో సాటిలేనివాడు, నాలుగడుగుల దూరమున కదలలేక నిలిచిపోవుట చూచువారికి జాలి గొలిపెను. ఐనను 1967లో, ఏబదినాలుగవ యేట, మాస్టర్సు పోటీ మూడవ దినమున 66 దెబ్బలతో ముగించి యువకులను ఆశ్చర్యపరచెను. మొత్తము తొమ్మిది ప్రధాన విజయములతో, అరువదినాలుగు వృత్తిపోటీల గెలుపులతో అతడు ఆట ముగించెను. 1997 జూలై 25వ తేదీన, ఎనుబదినాలుగవ యేట, ఫోర్టువర్తులో కన్నుమూసెను.

పోటీలు మానిన పిమ్మట కూడ అతడు సాధన మానలేదు. గెలువవలసిన పోటీ లేకున్నను, చూచువారు లేకున్నను, తన ఊరి మైదానములో ఒక మూల నిలిచి ఏండ్ల తరబడి బంతులు కొట్టెను. దిద్దుకొన్న దోషము చచ్చినదని అతడెన్నడును నమ్మలేదు. పొలమున కలుపు ఒకసారి తీసినంత మాత్రమున రైతు నిశ్చింతగ నిద్రింపడు గదా! తప్పును పేరుపెట్టి గుర్తించుట, దానికి మూలమైన ఒక్క ముక్కను విడదీయుట, దానిని మెల్లగ, కొలమానము ఎదుట నుంచుకొని అభ్యసించుట, సరియైన పిమ్మట కావలి కాయుట — కమ్మరి కొడుకు తన చేతికి తాను నేర్పుకొన్న పాఠము ఇంతే. పలక మీద బలపము వంకరగ పట్టిన చేతికిని ఈ నాలుగు మెట్లే దారి.